తండ్రీకొడుకుల మైదానం

పాఠ్యాంశ పరిచయం

ఫుట్‌బాల్ మైదానంలో మధ్యవరుస ఆటగాడిగా నిలిచి, ఆ తరువాత రిఫరీగా, శిక్షకుడుగా, జట్టు మేనేజరుగా ఎదిగిన హైదరాబాదు క్రీడాకారుడు సయ్యద్ షాహిద్ హకీం. ఆయన తండ్రి, భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణయుగాన్ని తెచ్చిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ ఇద్దరి జీవితాల ఆధారంగా ఆటకూ, ఆడించడానికీ గల సంబంధాన్ని వివరించడం ఈ పాఠ్యాంశం ఉద్దేశం.

ఆట మధ్యన నిలిచేవాడు

ఫుట్‌బాల్ చూసేవారి కళ్ళు సాధారణంగా గోలు కొట్టినవాడి మీదనే నిలుస్తాయి. అనకాపల్లిలోనైనా, కలకత్తాలోనైనా, మైదానం గట్టున చేరిన జనం చప్పట్లు చరిచేది బంతి వలలో పడినప్పుడే. ఆ బంతి అక్కడి వరకు ఎలా వచ్చింది, ఎవరి కాలి నుండి వచ్చింది, ఎవరు ఏ ఖాళీని ముందుగా గుర్తించారు అనే ప్రశ్నలు ఆ కేకల మధ్య ఎవరికీ తోచవు. ఆ ప్రశ్నలకు సమాధానం చాలాసార్లు మధ్యవరుస ఆటగాడి దగ్గర దొరుకుతుంది.

మధ్యవరుస ఆటగాడికి ముందు తనవారు, వెనుక తనవారు, చుట్టూ ప్రత్యర్థులు ఉంటారు. గోలు కాచేవాడికి ఎదురుగా వచ్చేది కనిపిస్తే చాలు. ముందువరుసలో ఉన్నవాడికి గోలు స్తంభాలు కనిపిస్తే చాలు. మధ్యనున్నవానికి మాత్రం నాలుగు దిక్కులూ కనిపించాలి. బంతి తన కాలికి అందకముందే దానిని ఎవరికి అందించాలో నిర్ణయించుకోవాలి. అలసిన సహచరుడెవరు, తొందరపడుతున్న వాడెవరు, ప్రత్యర్థి కోటలో బీటవారిన చోటేది అని క్షణక్షణం లెక్క వేసుకోవాలి. ఒక్కమాటలో చెప్పాలంటే తన ఆటతోపాటు పదిమంది ఆటను కూడా మనసులో ఆడుకోవాలి.

జట్టును నడిపించే మేనేజరు చేసే పని కూడా ఇదే. తేడా అల్లా అతడు గీతకు ఇవతల నిలబడి చేస్తాడు. ఇంగ్లండు వంటి దేశాలలో మేనేజరంటే ఆటగాళ్ళను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, వ్యూహం పన్నే పెద్ద. మన దేశంలో చాలాకాలం శిక్షణ ఇచ్చేవారిని కోచ్ అనీ, ప్రయాణ వసతుల వంటి ఏర్పాట్లు చూసేవారిని మేనేజర్ అనీ వేరుగా పిలిచారు. పేరు ఏదైనా గెలుపు ఓటముల భారం మోసే వ్యక్తి ఒకరు ఉండక తప్పదు. ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఆ భారం మోసి కీర్తి పొందిన వారిలో మధ్యవరుస ఆటగాళ్ళు అనేకులు ఉన్నారు. 1998లో ఫ్రాన్స్ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు మధ్యవరుసలో ఆడుతూ జట్టు నాయకుడుగా ఉన్న డిడియే డెషాంప్, 2018లో అదే దేశం మళ్ళీ గెలిచినప్పుడు జట్టు శిక్షకుడు. బార్సిలోనా జట్టు మధ్యవరుసలో ఆడిన పెప్ గ్వార్డియోలా ఆ జట్టుకే శిక్షకుడై ఎన్నో విజయాలు సాధించాడు.

తెలుగునాట ఈ దారిలో నడిచిన వారిలో షాహిద్ హకీం ఒకరు. అయితే ఆయన కథను ఆయన దగ్గరే మొదలుపెట్టడం సాధ్యం కాదు. ఆయన నేర్చుకున్న బడి తండ్రి పెట్టిన బడి.

బడిపంతులు పెట్టిన బడి

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజులలో విశ్వవిద్యాలయ జట్టులో ఫుట్‌బాల్ ఆడారు. పట్టా పుచ్చుకున్న తరువాత ఉపాధ్యాయ వృత్తిని చేపట్టి నగరంలోని పలు పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొంది ఆటల బాధ్యతను స్వీకరించారు. 1940ల దశకంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. అందరూ ఆయనను గౌరవంగా రహీం సాబ్ అని పిలిచేవారు.

బడిపంతులుగా ఆయనకు అలవడిన ఒక గుణం మైదానంలో గొప్పగా ఉపకరించింది. వెనుకబడిన విద్యార్థిని మందలించడం కంటే, అతని లోపాన్ని గుర్తించి దానికి తగిన పాఠం చెప్పడం మేలని ఆయన నమ్మారు. చాలామంది ఆటగాళ్ళు కుడికాలితో మాత్రమే బంతిని తన్నగలరు. ఎడమకాలికి బంతి వచ్చేసరికి తడబడతారు. దీనిని సరిదిద్దడానికి రహీం బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు నిర్వహించారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకొని ప్రత్యర్థులను ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవడం ఆనాటి ఆటగాళ్ళకు వ్యసనం వంటిది. దానిని మాన్పించడానికి, బంతిని తన వద్ద నిలుపుకోకుండా వెంటనే సహచరునికి అందించే నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. ఉపన్యాసం ఇస్తే మరచిపోయే పాఠాన్ని ఆటగా ఆడిస్తే ఎవరూ మరచిపోలేదు.

ఈ శిక్షణ ఫలితం త్వరలోనే కనిపించింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును గెలుచుకున్నది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సంవత్సరాలు తన వద్దనే ఉంచుకున్నది. అంతవరకు భారత ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనే మాట చెల్లుబాటయ్యేది. ఆ మాటను హైదరాబాదు పోలీసులు సవరించారు.

ప్రతిభ ఎక్కడున్నా వెదకి పట్టుకోవడం రహీం మరో ప్రత్యేకత. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేద యువకుని ఆటను ఆయన గమనించారు. అభ్యాసానికి నగరం వరకు రావడానికి ఆ యువకుని దగ్గర డబ్బులు లేవు. సైకిలు అద్దెకు కావలసిన సొమ్ము రహీమే ఇచ్చారని బలరాం తరువాతి కాలంలో కృతజ్ఞతతో చెప్పుకునేవారు. ఆ బలరాం రెండు ఒలింపిక్ క్రీడలలో భారతదేశం తరఫున ఆడారు.

ఓటమి నేర్పిన పాఠం

రహీం భారత జట్టుకు కూడా శిక్షకుడయ్యారు. 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1–0 తేడాతో ఓడించి స్వర్ణపతకం సాధించింది. దేశం ఆనందించింది. కాని మరుసటి సంవత్సరమే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1–10 తేడాతో భారత జట్టు ఘోరంగా ఓడిపోయింది. మన ఆటగాళ్ళలో ఎక్కువమంది ఆ చలిదేశంలో బూట్లు లేకుండా వట్టికాళ్ళతో ఆడారు. ఆ తరువాత బూట్లు ధరించడం తప్పనిసరి అయింది.

పది గోల్స్ తిన్న జట్టుకు సాకులు చెప్పడం సులభం. చలి అనవచ్చు, దురదృష్టం అనవచ్చు. రహీం ఆ దారి పట్టలేదు. ప్రపంచంలో ఫుట్‌బాల్ ఎలా మారుతున్నదో పరిశీలించారు. ఆ రోజులలో చాలా జట్లు వెనుక ముగ్గురిని, మధ్యన ఇద్దరు హాఫ్‌బ్యాక్‌లను, వారికి ముందు ఇద్దరు ఇన్‌సైడ్ ఆటగాళ్ళను, అందరికంటె ముందు ముగ్గురిని నిలిపి ఆడేవి. 1953లో హంగరీ జట్టు లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఇంగ్లండును 6–3 తేడాతో ఓడించింది. ముందువరుసలో ఉండవలసిన సెంటర్ ఫార్వర్డ్ ఆటగాణ్ణి వెనుకకు, అంటే మధ్యవరుసకు దగ్గరగా, జరపడం హంగరీవారి కిటుకు. అతణ్ణి కాపు కాయవలసిన ప్రత్యర్థికి అతని వెంట రావాలో, ఉన్నచోటనే నిలవాలో తెలియక వెనుక ఖాళీ ఏర్పడేది. ఈ పద్ధతిలోని సారాన్ని గ్రహించి రహీం భారత జట్టుకు అన్వయించారు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా 3 గోల్స్ సాధించాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. సెమీఫైనల్లో యుగోస్లావియా 4–1 తేడాతోనూ, మూడవ స్థానం కోసం జరిగిన పోటీలో బల్గేరియా 3–0 తేడాతోనూ భారత్‌ను ఓడించాయి. పతకం రాలేదు. అయినా నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ తిన్న జట్టు నాలుగవ స్థానంలో నిలవడం సామాన్య విషయం కాదు. నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలైన హైదరాబాదీలు ఆ జట్టులో ఉన్నారు.

రోమ్‌లో ఒక తండ్రి, ఒక కొడుకు

రహీం కుమారుడు షాహిద్ హకీం 1939లో హైదరాబాదులో జన్మించారు. ఇంట్లో తండ్రి, మైదానంలో గురువు ఒక్కరే అయిన వాతావరణంలో పెరిగారు. మధ్యవరుసలో హాఫ్‌బ్యాక్ స్థానాన్ని ఎంచుకున్నారు. భారత వైమానిక దళంలో చేరి స్క్వాడ్రన్ లీడర్ హోదా వరకు ఎదిగారు. సైనిక దళాల ఉమ్మడి జట్టు అయిన సర్వీసెస్ తరఫున 1960ల దశకంలో దేశీయ పోటీలలో ఆడారు.

1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో హకీం స్థానం పొందారు. జట్టుకు శిక్షకుడు తండ్రి. నాయకుడు పి.కె. బెనర్జీ. మొదటి ఆటలో హంగరీ వంటి మేటి జట్టుతో పోరాడి భారత్ 1–2 తేడాతో ఓడింది. రెండవ ఆటలో ఫ్రాన్స్‌తో 1–1గా సమంగా నిలిచింది. మూడవ ఆటలో పెరూ చేతిలో 1–3 తేడాతో ఓడి పోటీల నుండి నిష్క్రమించింది. ఈ మూడు ఆటలలో ఏ ఒక్కదానిలోనూ హకీంకు ఆడే అవకాశం రాలేదు.

ఈ విషయం తీవ్రత గ్రహించాలంటే ఆనాటి నియమాలు తెలియాలి. ఈనాడు ఆట మధ్యలో ఆటగాళ్ళను మార్చవచ్చు. కాసేపైనా ఆడే అవకాశం పక్కన కూర్చున్నవారికి ఉంటుంది. ఆనాడు అలా కాదు. ఆట మొదలయ్యేసరికి పదకొండుమందిలో పేరు లేనివాడు ఆట ముగిసేవరకు గట్టున కూర్చోవలసిందే. మధ్యవరుసలో కెంపయ్య, రామ్ బహదూర్ వంటి అనుభవజ్ఞులు ఆ జట్టులో ఉన్నారు. ఆ పదకొండు పేర్లలో కొడుకు పేరు చేర్చకుండా మూడు ఆటలు నడిపించిన శిక్షకుడు, ఆ కొడుకు ఎదుటనే నిలబడి ఉన్నారు.

బంధుప్రీతికి తావు ఉన్నచోట తావు ఇవ్వకపోవడం చిన్న విషయం కాదు. మన ఇతిహాసాలు, నీతికథలు ధర్మం ముందు స్వపర భేదం పనికిరాదని పదేపదే చెబుతాయి. చెప్పడం వేరు, కన్నకొడుకు పక్కన కూర్చుని చూస్తుండగా ఆచరించడం వేరు. ఇక హకీం వైపు నుండి చూస్తే, ఒలింపిక్ క్రీడాకారుడనే గౌరవం దక్కింది కాని ఒలింపిక్ మైదానం దక్కలేదు. ఇటువంటి అనుభవం ఒక యువకుణ్ణి రెండు దారులలో దేనికైనా నడిపించగలదు. ఒకటి ఆటమీద విరక్తి. రెండవది ఆటను మరింత లోతుగా చూడడం. హకీం ఆటను విడవలేదని ఆయన తరువాతి అరవై యేళ్ళ జీవితం చెబుతుంది.

జకార్తా

1962లో ఇండొనేషియా రాజధాని జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగాయి. అక్కడికి వెళ్ళిన జట్టులో హకీం లేరు. చునీ గోస్వామి జట్టు నాయకుడు. ఆనాటికి రహీం క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్నారు.

భారత్ తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2 తేడాతో ఓడింది. తరువాత థాయిలాండ్‌ను 4–1 తేడాతో, జపాన్‌ను 2–0 తేడాతో ఓడించి సెమీఫైనల్ చేరింది. థాయిలాండ్‌తో జరిగిన ఆటలో వెనుకవరుసకు మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. వెనుకవరుసలో ఉంచితే ప్రత్యర్థి దాడులను అడ్డుకునే క్రమంలో ఆ గాయం ఇబ్బంది పెట్టవచ్చు. అలాగని అంత బలశాలిని పక్కన కూర్చోబెట్టడం నష్టం. రహీం మూడవ మార్గం చూశారు. జర్నైల్ సింగ్‌ను ముందువరుసలో నిలిపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను భారత్ 3–2 తేడాతో ఓడించింది. ఆ మూడింటిలో ఒక గోలు జర్నైల్‌దే.

అనకాపల్లి ప్రాంతంలో బెల్లం వండేవారికి ఒక నేర్పు ఉంటుంది. పెనంలో చెరుకురసం మరుగుతుండగా పాకం ఏ క్షణంలో దించాలో వారికి తెలుసు. ముందుగా దించితే గట్టిపడదు, ఆలస్యమైతే మాడిపోతుంది. ఏ పుస్తకంలోనూ రాయని ఆ క్షణాన్ని అనుభవంతో పట్టుకోవాలి. ఎవరిని ఏ ఆటలో, ఏ చోట నిలపాలో తెలుసుకోవడం కూడా అటువంటి విద్యే. వెనుకవరుస ఆటగాణ్ణి ముందుకు తేవడం మరొకనాడు మతిలేని పనిగా కనిపించేది. ఆనాడు అదే సరైన పాకం.

1962 సెప్టెంబరు 4న ఫైనల్. ప్రత్యర్థి, తొలి ఆటలో భారత్‌ను ఓడించిన దక్షిణ కొరియానే. మైదానం లోపలి శత్రువు కంటె బయటి వాతావరణం మరింత భయంకరంగా ఉన్నది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను క్రీడలకు రానీయకపోవడాన్ని భారతదేశానికి చెందిన క్రీడా నిర్వాహకుడు గురుదత్ సోంధీ విమర్శించారు. దానితో స్థానికులలో భారత వ్యతిరేకత పెల్లుబికింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెనయాన్ స్టేడియంలో కిక్కిరిసిన జనం భారత జట్టును గేలి చేస్తూ కేకలు వేశారు. ఫైనల్‌కు ముందు రహీం తన ఆటగాళ్ళను కూర్చోబెట్టుకొని, తనకొక కానుక కావాలని, అది స్వర్ణపతకమని కోరినట్లు ఆనాటి ఆటగాళ్ళు చెప్పుకునేవారు.

ఆట మొదలైన 20 నిమిషాలలోపే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోలు సాధించారు. కొరియా చివరి నిమిషాలలో ఒక గోలు తిరిగి చేసింది. 2–1 తేడాతో భారత్ విజయం సాధించింది. వేలాది కంఠాల గేలి మధ్యన మన జాతీయ పతాకం పైకి లేచింది. గురువు అడిగిన కానుకను శిష్యులు ఇచ్చారు. తరువాత ఏడాది తిరగకముందే, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు.

గీతకు ఇవతల

తండ్రి మరణించేనాటికి హకీం వయస్సు ఇరవైనాలుగు లోపే. వైమానిక దళ ఉద్యోగం, సర్వీసెస్ జట్టు ఆట సాగుతూనే ఉన్నాయి. ఆడే వయస్సు గడిచిన తరువాత చాలామంది క్రీడాకారులు మైదానానికి దూరమవుతారు. హకీం మాత్రం ఆటను మూడు వేర్వేరు చోట్ల నుండి చూసే అవకాశాన్ని తానే కల్పించుకున్నారు.

మొదటిది రిఫరీ స్థానం. ఆయన ఫిఫా గుర్తింపు పొందిన అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. రిఫరీ కూడా ఒక విధంగా మధ్యవరుస వాడే. బంతి ఎటు పోతే అటు పరుగెత్తాలి, కాని బంతిని తాకరాదు. ఇరువైపుల వారినీ సమానంగా చూడాలి. ఎవరు గెలిచినా తనకు సంతోషం లేదు, ఎవరు ఓడినా దుఃఖం లేదు. ఆ తటస్థ దృష్టి శిక్షకునికి ఎంతో అవసరం. తన ఆటగాడి తప్పును తప్పుగా చూడలేని గురువు అతనికి ఏమీ నేర్పలేడు.

రెండవది సహాయ శిక్షకుని స్థానం. 1982లో న్యూఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో పి.కె. బెనర్జీకి సహాయకుడుగా హకీం పనిచేశారు. రోమ్‌లో తాను పక్కన కూర్చుండగా జట్టును నడిపించిన నాయకుడు ఈ బెనర్జీయే. ఇరవైరెండేళ్ళ తరువాత ఇద్దరూ గీతకు ఇవతల ఒకే వైపు నిలిచారు. ఆ పోటీలలో భారత జట్టు క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్ళి సౌదీ అరేబియా చేతిలో 0–1 తేడాతో ఓడింది.

మూడవది స్వతంత్ర బాధ్యత. మలేషియాలో జరిగే మెర్డెకా టోర్నమెంటులో భారత జట్టు బాధ్యతను హకీం స్వీకరించారు. దేశీయ పోటీలలో మహీంద్రా అండ్ మహీంద్రా జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు బలమైన ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలుచుకోవడం శిక్షకుడుగా ఆయన సాధించిన విజయాలలో ప్రధానమైనది. 1950లో తండ్రి తీర్చిదిద్దిన జట్టు ఎత్తిన కప్పునే కొడుకు జట్టు కూడా ఎత్తింది. గోవాకు చెందిన సాల్గావ్‌కర్ జట్టుకు కూడా ఆయన శిక్షణ ఇచ్చారు. భారత క్రీడా ప్రాధికార సంస్థలో ఉన్నత బాధ్యతలు నిర్వహించారు.

2017లో భారతదేశంలో పదిహేడేళ్ళలోపు బాలుర ప్రపంచ కప్పు జరిగింది. దానికి ముందు దేశమంతటా ప్రతిభ గల బాలురను వెదికే పనిలో హకీం భాగస్వామి అయ్యారు. అమ్ముగూడ యువకుణ్ణి తండ్రి గుర్తించిన పని వంటిదే ఇది. అదే సంవత్సరం భారత ప్రభుత్వం ఆయనను ధ్యాన్‌చంద్ పురస్కారంతో సత్కరించింది. క్రీడాకారుడుగా రాణించి, విశ్రాంతి పొందిన తరువాత కూడా ఆటకు సేవ చేసిన వారికి అప్పట్లో ఇచ్చిన పురస్కారమది. 2021 ఆగస్టు 22న కర్ణాటకలోని గుల్బర్గాలో హకీం మరణించారు.

వారసత్వం

రహీం మరణానంతరం భారత ఫుట్‌బాల్ ఆసియా క్రీడలలో మళ్ళీ స్వర్ణం చూడలేదు. 1970లో బ్యాంకాక్‌లో హైదరాబాదుకే చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో కాంస్యపతకం లభించింది. నయీముద్దీన్ కూడా తరువాత శిక్షకుడై, ఆటకు అర్జున పురస్కారాన్నీ, శిక్షణకు ద్రోణాచార్య పురస్కారాన్నీ పొందారు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల వరకు చూసినా పురుషుల ఫుట్‌బాల్‌లో మనకు మరొక పతకం రాలేదు. ఒకప్పుడు ఒలింపిక్ జట్టుకు పలువురు ఆటగాళ్ళను అందించిన హైదరాబాదు మైదానాలు పూర్వవైభవాన్ని కోల్పోయాయి. 2024లో రహీం జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం విడుదలైన తరువాతనే ఆయన పేరు కొత్త తరంలో చాలామందికి తెలిసింది.

పతకాలు ఎందుకు రావడం లేదనే ప్రశ్నకు ధనం, సౌకర్యాలు, పోటీల నిర్వహణ అంటూ ఎన్నో కారణాలు చెప్పవచ్చు. అవన్నీ నిజమే. వాటితోపాటు గుర్తుంచుకోవలసింది మరొకటి ఉన్నది. ఆటగాళ్ళు పుట్టుకతో వచ్చిన ప్రతిభతో మొదలవుతారు. జట్లు మాత్రం గురువుల వలన తయారవుతాయి. బలహీనమైన కాలికి బలం ఇచ్చే గురువు, ఓటమికి సాకులు వెదకని గురువు, కన్నకొడుకునైనా అర్హత త్రాసులో తూచే గురువు ఉన్నచోట సామాన్యులు కూడా అసామాన్యులు అవుతారు. అటువంటి గురువులను తయారు చేసుకోవడం మానివేసిన సమాజానికి ఆటగాళ్ళు ఎందరున్నా ప్రయోజనం తక్కువ.

హకీం జీవితం యువతకు మరో సత్యాన్ని కూడా చెబుతుంది. పదకొండుమందిలో చోటు దక్కని రోజు ప్రతివారి జీవితంలోనూ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కోరుకున్న కళాశాలలో సీటు రాకపోవచ్చు, ఆశించిన ఉద్యోగం చేజారవచ్చు. ఆ రోజున గట్టున కూర్చున్నవాడు కళ్ళు మూసుకుంటే ఆట అతనికి అక్కడితో ముగుస్తుంది. కళ్ళు తెరచి చూస్తే ఆడుతున్నవారికి కనిపించనిది కూడా అతనికి కనిపిస్తుంది. రోమ్‌లో ఒక్క నిమిషమైనా ఆడని హాఫ్‌బ్యాక్ తరువాత రిఫరీగా, శిక్షకుడుగా, జట్టు సారథిగా, ప్రతిభాన్వేషిగా ఆటకు చేసిన సేవ, ఆ మూడు ఆటలు ఆడి ఉంటే చేయగలిగిన దానికంటె ఏ విధంగానూ తక్కువ కాదు.

పదాలు – అర్థాలు

ప్రత్యర్థి : ఎదుటి పక్షానికి చెందినవాడు
బీటవారు : పగులు ఏర్పడు
కిటుకు : ఉపాయం, రహస్యమైన నేర్పు
అన్వయించు : వర్తింపజేయు
నిష్క్రమించు : బయటకు వెళ్ళు
బంధుప్రీతి : తనవారిపట్ల పక్షపాతం
విరక్తి : ఇష్టం పోవడం
పెల్లుబుకు : ఒక్కసారిగా పైకి ఉబుకు
తటస్థ దృష్టి : ఏ పక్షానికీ మొగ్గని చూపు
ప్రతిభాన్వేషి : ప్రతిభ గలవారిని వెదికేవాడు

అభ్యాసాలు

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. శిక్షకుడుగా రహీం అనుసరించిన పద్ధతులను వివరించండి.
2. మధ్యవరుస ఆటగాడి నుండి జట్టు సారథి వరకు సాగిన షాహిద్ హకీం ప్రస్థానాన్ని తెలపండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
1. హెల్సింకీ ఓటమి తరువాత రహీం ఏమి చేశారు?
2. జర్నైల్ సింగ్‌ను ముందువరుసలో నిలపడానికి కారణమేమి?
3. రిఫరీని మధ్యవరుస వాడితో ఎందుకు పోల్చారు?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఆనాడు అదే సరైన పాకం.
2. జట్లు మాత్రం గురువుల వలన తయారవుతాయి.

IV. విడదీసి సంధి పేరు తెలపండి.
విద్యార్థి, ప్రత్యర్థి, ప్రతిభాన్వేషి